అరవై ఏళ్ల కారులో రెండు రోజులు

శ్రోతలకు నమస్కారం.

మే నెలలో ఒక శనివారం పొద్దున్న. ఆక్స్‌ఫర్డ్ ఊరి చివర కార్ పార్కులో, రెండు రోజుల ప్రయాణానికి బయల్దేరబోతున్న ఇరవై దాకా పాత కార్లు వరుసగా ఆగి ఉన్నాయి. అన్నిటికీ బోనెట్లు లేపి ఉన్నాయి. ఒకాయన ఆయిల్ పుల్ల బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూస్తున్నారు. ఇంకొకావిడ టైర్లలో గాలి చూసుకుంటున్నారు. పచ్చి పెట్రోలు, వేడెక్కిన ఆయిలు, పాత సీట్లు కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే మా నాన్నగారి అంబాసిడర్ కళ్ల ముందుకొచ్చింది.

రావడంలో వింతేమీ లేదు. అంబాసిడర్ పుట్టిల్లు ఆ ఊరే. ఆక్స్‌ఫర్డ్‌లో సైకిళ్లు బాగుచేస్తూ జీవితం మొదలుపెట్టిన విలియం మారిస్ 1913లో తన మొదటి కారు తెచ్చారు. దానికి తన పేరూ ఊరి పేరూ కలిపి మారిస్ ఆక్స్‌ఫర్డ్ అని పెట్టారు. తర్వాత అదే పేరుతో చాలా మోడళ్లు వచ్చాయి. 1950లలో వచ్చిన మూడో సిరీస్‌ను మన దేశంలో, కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో, అంబాసిడర్‌గా తయారుచేశారు. అక్కడ 2014 దాకా ఆ బండి తయారవుతూనే ఉంది.

నాతో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఈ పాత కార్ల క్లబ్బులో సభ్యుడు. ఆయన కారు మారిస్ మైనర్ ట్రావెలర్. మైనర్ మొదట వచ్చింది 1948లో. దాన్ని రూపొందించింది అలెక్ ఇసిగోనిస్. తర్వాత మినీ కారును సృష్టించిందీ ఆయనే. మైనర్లు పదహారు లక్షలకు పైగా తయారయ్యాయి. బ్రిటన్‌లో పది లక్షల అంకె దాటిన మొదటి కారు అదే. ట్రావెలర్‌కు వెనక భాగమంతా యాష్ అనే చెట్టు చెక్కతో చేసిన చట్రం ఉంటుంది. చూసినవాళ్లు అలంకారం అనుకుంటారు కానీ, ఆ చెక్కే వెనక భాగాన్ని మోస్తుంది. నీరు దిగి పుచ్చితే కారు బలం పోయినట్టే. అందుకే ఆయన ఇంట్లో కిటికీలకు రంగు వేసినా వేయకపోయినా, కారు చెక్కకు మాత్రం వార్నిష్ తప్పకుండా వేస్తారట.

ఆ కారులో ఆయన పక్కన కూర్చుని దారి చెప్పడం నా పని. ఫోనులో మ్యాపు చూడకూడదని క్లబ్బు నియమం. చేతికి ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. అందులో ప్రతి కూడలికీ ఒక బొమ్మ ఉంటుంది. గుండ్రటి చుక్క ఉన్నచోట మనం ఉన్నట్టు, బాణం చూపే వైపు వెళ్లాలి. పక్కనే మైళ్ల లెక్క. నెదర్లాండ్స్‌లో జరిగే ట్యులిప్ ర్యాలీ నుంచి వచ్చిన పద్ధతి కాబట్టి వీటిని ట్యులిప్ బొమ్మలంటారు. మొదటి గంటలోనే రెండుసార్లు దారి తప్పించాను. ఆయన ఒక్క మాట అనలేదు. కారు వెనక్కి తిప్పి, "ఈ సందు నేనెప్పుడూ చూడలేదు, మంచిదే అయింది" అన్నారు.

బర్‌ఫర్డ్ ఊరు దాటాక అసలైన కాట్స్‌వోల్డ్స్ కొండల ప్రాంతం కనిపించింది. ఇళ్లు, గోడలు, చర్చిలు అన్నీ అక్కడ దొరికే సున్నపురాయితో కట్టినవే. ఎండ పడితే తేనె రంగు తేలుతుంది. పొలాల్లో రేప్‌సీడ్ అనే నూనెగింజల పంట పూసి, మన ఆవచేలలాగా పసుప్పచ్చగా మెరుస్తోంది. రోడ్లు ఒక్క బండి పట్టేంత. రెండు పక్కలా మనిషెత్తు పొదల కంచె. ఎదురుగా బండి వస్తే, దారివ్వడానికి చోటు ఎవరికి దగ్గరగా ఉంటే వాళ్లు వెనక్కి వెళ్తారు. రెండోవాళ్లు చెయ్యెత్తి దాటుకుపోతారు. బోర్టన్ ఆన్ ది వాటర్‌లో విండ్‌రష్ నది ఊరి మధ్యలోంచి, చిన్న చిన్న రాతి వంతెనల కింద నెమ్మదిగా పారుతుంది. అక్కడే ఒక పాత మర మిల్లులో మోటారు మ్యూజియం ఉంది. మావాళ్లు చాలామంది లోపలికి వెళ్లలేదు. కార్లు తాళ్ల వెనక నిలబడితే చూడలేమన్నారు.

ఆ మాట నాకు మధ్యాహ్నం బాగా అర్థమైంది. బ్రాడ్‌వే ఊరి నుంచి ఫిష్ హిల్ ఎక్కుతుంటే మా ముందున్న కారు బోనెట్ కింద నుంచి ఆవిరి కక్కింది. ఒకరి తర్వాత ఒకరు అందరూ ఆగారు. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. కాబట్టి ముప్పావు గంట కదలకుండా కూర్చున్నాం. ఆ కారాయన మొహంలో టెన్షన్ చూసి ఒకావిడ టీ పోసిచ్చారు. చల్లారాక చూస్తే ఫ్యాన్ బెల్టు తెగి ఉంది. నలుగురి డిక్కీల్లో వెతికితే సరిపోయే బెల్టు దొరికింది. బెల్టు బిగిస్తుంటే పానాలు అందించే పని నాది. ఈ కార్లు బతికున్నది ఇలాగే. నెలల తరబడి కదలకపోతే ట్యాంకులో పెట్రోలు చెడుతుంది, రబ్బరు ఎండిపోతుంది, బ్రేకులు పట్టేస్తాయి. తిరిగితేనే ఏది పాడవుతోందో తెలుస్తుంది. నలభై ఏళ్లు దాటిన కార్లకు అక్కడ రోడ్డు పన్ను ఉండదు. పెద్ద మార్పులేవీ చేయకపోతే ఏటేటా తనిఖీ కూడా తప్పనిసరి కాదు. అయినా మావాళ్లలో సగం మంది సొంతంగా తనిఖీ చేయించుకుంటారు.

మా అంబాసిడర్‌ను నాన్నగారు పోయాక రెండేళ్లు పెరట్లో అలాగే ఉంచేశాం. తర్వాత పాత ఇనుము కింద అమ్మేశాం. తూకం వేసి తీసుకెళ్లారు. ఆ రాత్రి హోటల్లో భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే బల్ల చుట్టూ ఎవరూ మాట్లాడలేదు.

ఆదివారం సాయంత్రం తిరుగు దారిలో పెద్దాయన ఒక పొలం గేటు పక్కన కారు ఆపి దిగారు. తాళం నా చేతిలో పెట్టారు. వారం ముందే ఇన్సూరెన్సులో నా పేరు కూడా చేర్పించారట. "ఒకటో గేరు జాగ్రత్త. బండి పూర్తిగా ఆగాకే వెయ్యాలి, లేకపోతే పళ్లు గీస్తాయి" అన్నారు. నాకు పద్దెనిమిదేళ్లప్పుడు, గుంటూరు రోడ్డు మీద, నాన్నగారు నేర్పిన మొదటి పాఠం అదే. చోక్ కొంచెం లాగి, సెల్ఫు కొట్టాను. క్లచ్ నొక్కి, ఒక్క క్షణం ఆగి, గేరు వేశాను. చప్పుడు లేకుండా పడింది. పెద్దాయన నా వైపు చూసి తలాడించి, బొమ్మల పుస్తకం తన ఒళ్లోకి తీసుకున్నారు. "రెండు వందల గజాలు, ఎడమకు" అన్నారు.