నయాపూల్ దగ్గరే దిగండి

శ్రోతలకు నమస్కారం. చార్మినార్ చూడ్డానికి వెళ్తున్నామని ఎవరు చెప్పినా నేను ఒకటే అంటాను, నయాపూల్ దగ్గరే దిగండి. ఆటో అతను చార్మినార్ దాకా దింపుతానన్నా వద్దనండి. ఎక్కడా ఆగకుండా నడిస్తే అరగంట కూడా పట్టదు, కానీ ఆగాలి.

మొదట వంతెన మీదే ఆగి మూసీని చూడండి. ఇప్పుడు ఇలా ఉంది కానీ, 1908 సెప్టెంబరు 28న ఇదే మూసీ ఊరిని ముంచేసింది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఈ వరదను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

హైకోర్టు, సాలార్‌జంగ్ మ్యూజియం దాటేయండి, మ్యూజియానికి ఎలాగూ ఇంకో రోజు పెట్టుకోవాలి. పత్తర్‌గట్టిలో, మదీనా చౌరస్తాకు దగ్గర్లో, బాద్‌షాహీ ఆషుర్‌ఖానా ఉంది. 1591లో చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షానే ఆ తర్వాత కొద్ది ఏళ్లకు దీన్నీ కట్టించాడు. మొహర్రంలో ఇక్కడ అలమ్‌లు నిలుపుతారు. మన ఊళ్లలో పీర్లు అంటామే, అవే.

చెప్పులు బయట విడిచి, కొయ్య స్తంభాల మధ్య నుంచి లోపలి గోడ దగ్గరికి వెళ్లండి. ముట్టుకోకండి, చూడండి చాలు. ముందు కింది భాగం చూడండి, పూత మీద వేసిన రంగులు, మెరుపు లేదు. అలాగే చూపు పైకి పోనివ్వండి, ఒక చోట నుంచి గోడ మెరవడం మొదలవుతుంది. అవి 1611 ప్రాంతం నాటి పింగాణీ పలకలు, నీలం, పసుపు, ఆకుపచ్చ, ముక్క పక్కన ముక్క పేర్చిన అతుకులు కూడా కనిపిస్తాయి. కింద ఎందుకు లేవంటే, మూసీ వచ్చింది. వరదకు కింది పలకలు పాడైపోతే, ఆ తర్వాత అదే డిజైన్‌ని రంగులతో గీశారు. సున్నం కొట్టి వదిలేయొచ్చు, వదల్లేదు. పైనున్న మెరుపు కంటే, కింద ఓపిగ్గా గీసిన ఆ గీతల దగ్గరే నేను ఎక్కువసేపు నిలబడతాను.

అక్కణ్నుంచి మచిలీ కమాన్ అనే తోరణ ద్వారం దాటితే గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ వస్తుంది. అక్కడ నిలబడి చుట్టూ తిరిగితే నాలుగు కమాన్లూ కనిపిస్తాయి, ఒక కమాన్‌లోంచి చార్మినార్ కూడా. ఇక అటు నడవండి.