ఆస్కార్ వచ్చింది, తీసుకోడానికి మనిషే లేడు

1957 ఆస్కార్ ఫంక్షన్ అండి. బెస్ట్ స్టోరీ అవార్డు "ది బ్రేవ్ వన్" సినిమాకి, రాసింది రాబర్ట్ రిచ్ అని పిలిచారు, ఎవరూ లేవలేదు. చివరికి రైటర్స్ గిల్డ్ (సినిమా రచయితల సంఘం) తరఫున జెస్సీ లాస్కీ జూనియర్ అనే ఆయన స్టేజ్ ఎక్కి, పాపం రిచ్ భార్య డెలివరీకి హాస్పిటల్లో ఉందని చెప్పి బొమ్మ తీసుకున్నాడు. తీరా ఆరా తీస్తే అలాంటి రైటరే లేడు! అది ప్రొడ్యూసర్ల చుట్టాలబ్బాయి పేరు. రాసింది డాల్టన్ ట్రంబో.

ఈయన ఎవరంటే, లాస్ ఏంజెలెస్‌లో ఏళ్ల తరబడి రాత్రుళ్లు బేకరీలో పనిచేసి, మిగిలిన టైమ్‌లో కథలు రాసుకుని పైకొచ్చినవాడు, 1940ల్లో హాలీవుడ్‌లో టాప్ రెమ్యునరేషన్ తీసుకునే రైటర్లలో ఒకడు. కమ్యూనిస్ట్ పార్టీలో చేరాడు. 1947లో హాలీవుడ్‌లో కమ్యూనిస్టులెవరో ఆరా తీస్తున్న అమెరికా కాంగ్రెస్ కమిటీ పిలిచి "నువ్వు పార్టీ మెంబరువా, ఎప్పుడైనా ఉన్నావా" అని అడిగితే అవునూ అనలేదు, కాదూ అనలేదు, అసలు అడగడానికి మీరెవరు అన్నట్టు మాట్లాడాడు. ఇలా ఎదురుతిరిగినవాళ్లు మొత్తం 10 మంది. ఆ నవంబర్‌లోనే స్టూడియో పెద్దలంతా న్యూయార్క్‌లో ఒక హోటల్లో కూర్చుని వీళ్లకి పని ఇవ్వం అని తేల్చేశారు. కమిటీకి జవాబు చెప్పనందుకు 1950లో ట్రంబో జైలుకెళ్లాడు, దాదాపు 10 నెలలు. ఇంకో తమాషా ఏంటంటే కమిటీ చైర్మన్ పార్నెల్ థామస్ కూడా అదే టైమ్‌లో జైల్లోనే ఉన్నాడు, లేని ఉద్యోగుల పేరుతో జీతాలు నొక్కేసినందుకు!

బయటికొచ్చాక ఇల్లు గడవాలి కదా, ఫ్యామిలీతో మెక్సికో వెళ్లి కొన్నాళ్లున్నాడు, దొంగ పేర్లతో తక్కువ రేటుకి రాశాడు. బాత్‌టబ్‌లో నీళ్లలో కూర్చుని, అడ్డంగా ఒక పలక పెట్టుకుని, చేతిలో సిగరెట్‌తో రాసేవాడట. నాకైతే ఇక్కడే కాలుతుంది, ఆయన పెన్ను కావాలి, పేరు మాత్రం వద్దు, పైగా చీప్‌గా దొరికాడని స్క్రిప్టులు రాయించుకున్నారు.

"రోమన్ హాలిడే" కథ కూడా ఆయనదే. ఫ్రెండ్ ఇయాన్ మెక్లెల్లన్ హంటర్ తన పేరు పెట్టుకుని ఆ డబ్బు ట్రంబోకి ఇచ్చాడు, ఆస్కార్ కూడా హంటర్ పేరు మీదే వచ్చింది. తర్వాత హంటర్ కూడా బ్లాక్‌లిస్ట్ అయ్యాడు, అంటే పని ఇవ్వకూడని వాళ్ల జాబితాలో చేరాడు.

1960లో గానీ ట్రంబో పేరు మళ్లీ తెర మీద పడలేదు, "స్పార్టకస్", "ఎక్సోడస్" రెండూ ఆ ఏడాదే. "బ్రేవ్ వన్" ఆస్కార్ బొమ్మ 1975లో చేతికొచ్చింది, మరుసటేడే చనిపోయాడు. "రోమన్ హాలిడే" ఆస్కార్ 1993లో ఆయన భార్య క్లియో అందుకుంది.