నోరు లేని గింజ

అందరికీ నమస్కారం.

దయ గురించీ దుఃఖం గురించీ యూదులు ఏం చెప్పారో మాట్లాడమని లైబ్రరీవాళ్లు అడిగినప్పుడు ముందు జంకాను. నేను యూదురాలిని కాను, హీబ్రూ రాదు. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. కానీ న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గరున్న ఆర్నెల్లలో ఒక ఇంట్లో చూసింది నన్ను వదల్లేదు. తిరిగొచ్చాక ఆ పద్ధతులు ఎక్కడివో వెతుక్కుంటూ చదివాను. అందుకే ఆ ఇంటి దగ్గరే మొదలుపెడతాను.

మా పక్కింటి పెద్దాయన భార్య పోయింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదు, ఇరుగుపొరుగే అన్నం పంపాలి. మనకు తెలిసింది అదే కదా. అన్నం, చారు క్యారియర్‌లో సర్దుతుంటే మా అబ్బాయి ఆపాడు. "వాళ్లది కోషర్ వంటిల్లమ్మా, వాళ్ల మత నియమాల ప్రకారమే వండుతారు, మన గిన్నెల్లో వండింది తినరు. కొయ్యని పళ్లు తీసుకెళ్దాం. బెల్లు కొట్టకు, తలుపు తీసే ఉంటుంది. వెళ్లి కూర్చో. ఆయన మాట్లాడేదాకా నువ్వు మాట్లాడకు" అన్నాడు.

వెళ్లాం. హాల్లో అద్దం మీద తెల్లటి దుప్పటి కప్పి ఉంది. పెద్దాయన పొట్టి పీట మీద కూర్చున్నాడు. చొక్కా కాలరు కింద జానెడు చిరుగు. ఖననానికి ముందు అలా చింపుకుంటారట, ఏడు రోజులూ ఆ చిరుగు చొక్కాతోనే ఉంటారట. ఆయన లేవలేదు, రమ్మనలేదు. ఎవరూ ఏమీ అనుకోలేదు. పది, పదిహేను మంది ఉన్న గదిలో గడియారం చప్పుడు వినపడుతోంది. చాలాసేపటికి ఆయన నా వైపు చూసి, "మీవాడు పెంచే టమాటాలంటే ఆమెకు ఇష్టం" అన్నాడు. అప్పుడు ఒక్కొక్కళ్లూ నోరు విప్పారు. ఆమె ఎలా పోయిందో ఒక్కరూ అడగలేదు. ఎలా బతికిందో చెప్పుకున్నారు.

ఆ ఏడు రోజులనీ "షివా" అంటారు, హీబ్రూలో ఏడు అనే. మాట్లాడకుండా కూర్చోవడం బైబిల్లోని యోబు గ్రంథం నుంచి వచ్చింది. బిడ్డలు పోయి, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులొచ్చి ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ పక్కనే నేలమీద కూర్చున్నారు, ఒక్క మాట అనలేదు. ముందు యోబే నోరు తెరిచాడు. ఆ తర్వాత వాళ్లు నోరు తెరిచి, నీ పాపమే నీకిలా చేసిందని మొదలుపెట్టారు. వాళ్లు చేసిన మంచంతా ఆ మౌనంలోనే ఉందనిపిస్తుంది నాకు. దుఃఖంలో ఉన్నవాళ్లు నోరు తెరవకముందు ఓదార్చేవాళ్లు తెరవకూడదని, యూదు పండితుల చర్చలున్న పాత గ్రంథం తాల్ముద్ ఆ కథ నుంచే నియమం తీసింది.

బల్ల మీద ఉడికించిన గుడ్లూ, మసూరపప్పూ ఉన్నాయి. పూడ్చిపెట్టి ఇంటికొచ్చాక మొదటి ముద్ద తమ సొంత ఇంటిది తినకూడదు, ఇంకొకరు తెచ్చి పెట్టాలి. మసూరే ఎందుకంటే, ఆ గింజకు నోరు లేదు అంటుంది తాల్ముద్. బొబ్బర గింజకు చూడండి, పక్కన నోరులాంటి మచ్చ ఉంటుంది. మసూరు గింజ నున్నగా గుండ్రంగా ఉంటుంది. దుఃఖంలో ఉన్నవాడికీ అలాగే నోరుండదు. ఇది చదివిన రోజు పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను.

ఎందుకంటే మావారు పోయినప్పుడు నన్ను అందరూ మాట్లాడించారు. ఎలా జరిగింది, ఎన్నింటికి, ముందు రోజు బాగానే ఉన్నాడా, ఆసుపత్రికి ముందే తీసుకెళ్లాల్సింది కదా. గుమ్మంలోకి కొత్త మనిషి వచ్చినప్పుడల్లా మొదటినుంచీ చెప్పాను. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. నామీద ప్రేమతోనే పనులు మానుకుని, బస్సులెక్కి వచ్చారు. ఆ ప్రేమను ఏం చేసుకోవాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు, అంతే. నేనూ ఎన్నో ఇళ్లలో అవే ప్రశ్నలు అడిగిన దాన్నే.

తాల్ముద్‌లో నాకు ప్రాణమైన కథ ఒకటుంది. రబ్బీ అంటే యూదుల మతగురువు. మూడో శతాబ్దపు రబ్బీ యోహానాన్ గొప్ప పండితుడు, చాలా అందగాడు. రబ్బీ ఎలాజరు జబ్బుపడితే చూడ్డానికెళ్లాడు. గది చీకటి. యోహానాన్ చెయ్యి మీది బట్ట తొలగిస్తే ఆ కాంతితో గది వెలిగింది. ఎలాజరు ఏడుస్తున్నాడు. ఎందుకు, చదువు చాల్లేదనా, డబ్బు లేదనా, పిల్లల గురించా అని అడిగాడు యోహానాన్. తన పదో కొడుకు ఎముకను దగ్గరే ఉంచుకున్న తండ్రి ఆయన. "ఇంత అందం మట్టిలో కలిసిపోతుంది కదా, అందుకు" అన్నాడు ఎలాజరు. "దానికైతే ఏడవాల్సిందే" అని యోహానాన్ కూడా ఏడ్చాడు. ఇద్దరూ కలిసి ఏడ్చారు. తర్వాత అడిగాడు: "ఈ బాధ నీకు ఇష్టమేనా?" "బాధా వద్దు, దానివల్ల వచ్చే పుణ్యమూ వద్దు." "అయితే చెయ్యి ఇలా ఇవ్వు." చెయ్యి పట్టుకుని లేపాడు.

కష్టాలు దేవుడి పరీక్ష అని బోధించే పండితులే, మంచం పక్కన కూర్చున్నప్పుడు ఆ బోధ పక్కన పెట్టారు. అదే పేజీలో ఇంకోటుంది. యోహానాన్ తనే జబ్బుపడితే ఇంకొకరు వచ్చి లేపాలి. ఇతరులను లేపినవాడు తనంతట తాను ఎందుకు లేవలేడు? ఖైదీ తన చెరను తాను విడిపించుకోలేడు కాబట్టి.

దయకు వాళ్ల మాట "హెసెద్". దానం డబ్బుతో చేస్తారు, హెసెద్ ఒంటితో కూడా చెయ్యాలి. దానం పేదవాళ్లకే, హెసెద్ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ. దానం బతికున్నవాళ్లకే, హెసెద్ చనిపోయినవాళ్లకు కూడా. అందుకే ఊరూరా "హెవ్రా కదీషా" అనే బృందాలుంటాయి. ఆడవాళ్లకు ఆడవాళ్లు, మగవాళ్లకు మగవాళ్లు స్నానం చేయించి, జేబుల్లేని తెల్లబట్ట తొడుగుతారు. తిరిగి చేయలేనివాళ్లకు చేసేది కాబట్టి దాన్ని నిజమైన దయ అంటారు. ఒకప్పుడు అంత్యక్రియల ఖర్చు చావుకంటే బరువై, బంధువులు శవాన్ని వదిలి పారిపోయేవారట. రబ్బాన్ గమలీయేలు అంత పెద్దవాడై ఉండి, తనను మామూలు నారబట్టలోనే మోసుకెళ్లేలా చేశాడు. అప్పట్నుంచి అందరికీ అదే. దినాలకు భూమి తాకట్టు పెట్టిన కుటుంబాలు నా విద్యార్థుల్లోనే ఉండేవి, అందుకే ఇది చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక ప్రేమ. "నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను" అనే మాట చర్చికి వెళ్లనివాళ్లకూ తెలుసు. అది లేవీయకాండం 19వ అధ్యాయంలో ఉంది. దానికి పైన ఏముందో చూడండి. పొలం అంచులు పూర్తిగా కోయకు, పరిగె ఏరుకోకు, అది పేదవాడిది. కూలివాడి కూలి రాత్రంతా నీ దగ్గర పెట్టుకోకు. గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టకు. ఇవన్నీ అయ్యాక ప్రేమించమన్నాడు. కోత తర్వాత చేలో పరిగె ఏరుకునే ఆడవాళ్లను చూసిన ఊళ్లవాళ్లం మనం, దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. బైబిల్లో రూతు అలా పరిగె ఏరి, అత్త నయోమిని బతికించింది. మన చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదు కుటుంబాలున్నాయి. ఇవి మరీ దూరపు సంగతులేమీ కావు.

తల్లిదండ్రులు పోతే పదకొండు నెలలు "కద్దిష్" అనే ప్రార్థన చదువుతారు. అందులో చావు ఊసే లేదు, అంతా దేవుడి స్తుతి. పదిమంది లేనిదే చదవకూడదు. అంటే ఎవరి అమ్మ కోసమో తొమ్మిదిమంది పొద్దున్నే లేచి రావాలి. ఏడాదికి ఒక నెల ఎందుకు తగ్గించారంటే, చనిపోయాక పూర్తిగా పన్నెండు నెలల శిక్ష దుష్టులకే అని నమ్మకం. మా అమ్మ అలాంటిది కాదు అని బిడ్డ ఒక నెల ముందే ఆపేస్తాడు.

ఏడో రోజు పొద్దున పెద్దాయన ఇంటి ముందు నలుగురు నిలబడి ఉన్నారు. షివా ముగిశాక పీట మీంచి లేచి, ఇల్లు దాటి వీధి చుట్టూ ఒకసారి నడిచి రావడం ఆనవాయితీ. అప్పుడే చలి మొదలైంది. నేను శాలువా కప్పుకుని దిగాను. ఆయన చిరిగిన చొక్కా మార్చుకున్నాడు. మా టమాటా మడి దగ్గర ఒక్క క్షణం ఆగాడు. తర్వాత అందరం వీధి మలుపు దాకా నడిచాం, ఎవరం ఏమీ మాట్లాడలేదు.