60 మందితో కొండల నడుమ పెండ్లి: గండికోట, యాగంటి, అహోబిలం తిరిగి చూసి చెప్తున్నా

అందరికీ నమస్కారం. ప్రొద్దుటూరు నుంచి మాట్లాడుతున్నా. పోయిన సంవత్సరం మాఘంలో మా చెల్లెలి పెండ్లి 62 మందితో దిగువ అహోబిలంలో చేసినాం. ఆ ఫోటోలు పెట్టినప్పటి నుంచి ఒకటే అడుగుతున్నారు. "అక్కా, ఎట్లా చేసినారు? అంత తక్కువమందితో అంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారా? కొండల్లో ఇబ్బంది కాలేదా?" అని. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే అంతా ఒకచోట చెప్తే మేలని ఈ వీడియో. మేము చూసిన మూడు చోట్లూ చెప్తా. ఎవరి దగ్గరా డబ్బు తీసుకొని చెప్పడం లేదు, మా సొంత ఖర్చుతో తిరిగి చూసిందే చెప్తున్నా.

ముందు గండికోట. మా చెల్లెలికి మొదట్నుంచీ ఆశ అక్కడే. ఎర్రమల కొండలను పెన్న నిలువునా కోసుకుంటూ పోయిన ఆ లోయ అంచున, పొద్దు గుంకే వేళకు తాళి కట్టించుకోవాలని. ఆ ఆశలో తప్పేం లేదు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా గంట దారి. మైలవరం డ్యామ్‌లో నీళ్లు నిండి ఉన్నప్పుడు లోయలో కూడా నీళ్లు కనపడతాయి. ఆ ఎర్రరాయి మీద సాయంత్రం ఎండ పడితే చూసి తీరాల్సిందే.

కానీ అక్కడ పెండ్లి అంటే రెండు సంగతులు అడ్డమొచ్చినాయి. మొదటిది కాగితాల సంగతి. ఆ కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1959 నాటి నిబంధనల ప్రకారం అట్లాంటి కట్టడాల్లో అనుమతి లేకుండా విందులు, రిసెప్షన్లు పెట్టకూడదు. వంట చేయడం, అన్నాలు వడ్డించడం కూడా కుదరదు. డ్రోన్ ఎగరేయాలన్నా అనుమతి కావాలి. ఫోటోగ్రాఫర్ "ఏం కాదులే మేడం" అంటే నమ్మకండి. పట్టుబడేది పెండ్లివాళ్లే. పైగా కోటలోని మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి శిల్పం చూడ్డానికి గొప్పవి, నిత్యపూజలు మాత్రం లేవు. గుడిలో పెండ్లి చేసుకున్నామన్న తృప్తి కావాలనుకునే ఇంటికి ఇది సరిపోదు.

రెండోది మా జేజి. ఆమెకు 80 దాటినాయి, మోకాళ్లు నొప్పులు. చోటు చూడ్డానికి పోయినప్పుడు ఆమెను కూడా తీసుకుపోయినాం. మసీదు దాకా బాగానే నడిచింది. అక్కడి నుంచి లోయ అంచుకు పోవాలంటే బండల మీద కాలు చూసుకొని పెట్టాలి. ఆమె ఆ పాత ధాన్యాగారం నీడలో కూచొని, "మీరు పోయిరాండమ్మా, నేను ఈడనే కూచుంటా. తాళి కట్టేటప్పుడు మేళం ఇనపడుతాది గదా, చాలు" అనింది. ఆమె బాధగా అనలేదు. మామూలుగానే అనింది. కానీ చెల్లెలు ఇంక లోయ దాకా పోలేదు, జేజి పక్కనే కూచుండిపోయింది. ఇంటికి వచ్చేటప్పుడు కార్లో, "అక్కా, ఇక్కడొద్దులే" అనింది.

అందుకే చెప్తున్నా. కొండల్లో పెండ్లి అనుకునేవాళ్లు చోటు చూడ్డానికి పెండ్లికూతురు, పెండ్లికొడుకు, ఫోటోగ్రాఫర్ మాత్రమే పోకూడదు. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లను ఒకసారి తీసుకుపోండి. బండి దిగే చోటు నుంచి మంటపం దాకా వాళ్లు నడవగలరా, నీడ ఉందా, మరుగుదొడ్డి ఎంత దూరం, రెండు మెట్లు ఎక్కాల్సి వస్తే పట్టుకోడానికి ఏమైనా ఉందా, ఇవన్నీ వాళ్లు నడుస్తుంటేనే మనకు తెలుస్తాయి. అడ్వాన్సు ఆ తర్వాత.

గండికోటను పూర్తిగా వదిలేయలేదు. పెండ్లికి 15 రోజుల ముందు ఇద్దరూ పోయి ఫోటోలు దిగి వచ్చినారు. దానికైతే నా పూర్తి మార్కులు. అంచున మాత్రం జాగ్రత్త, కంచె లేని చోట్లు ఉన్నాయి, గాలి ఒక్కసారిగా కొడుతుంది, పట్టుచీర కొంగు నిలవదు.

తర్వాత యాగంటి. బనగానపల్లె దగ్గర, ఇదీ ఎర్రమల కొండల్లోదే. ఉమామహేశ్వరస్వామి గుడి వెనక నిలువుగా కొండ, కింద ఎప్పుడూ నీళ్లుండే పుష్కరిణి. కర్నూలు, డోన్ వైపు వాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. కానీ మంచి ముహూర్తం రోజున అక్కడ మీదొక్కటే పెండ్లి కాదు. పక్కపక్కనే మేళాలు మోగుతాయి. అది కూడా ఒక అందమే, కాదనను. మాకు మాత్రం కావాల్సింది కొంచెం నెమ్మది. కార్తీక మాసంలో అయితే భక్తుల రద్దీ ఇంకా ఎక్కువ. కోతులుంటాయి, కొబ్బరికాయలు, అరటిపండ్లు ఉన్న గదికి ఒక మనిషి కాపలా ఉండాలి.

ఇంక అహోబిలం. ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు, చాగలమర్రి, ఆళ్లగడ్డ, అక్కడి నుంచి లోపలికి. ఇది పాత కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. పెండ్లికొడుకు వాళ్ల పల్లె ఆళ్లగడ్డ పక్కనే, వాళ్ల ఇంటి దేవుడు నరసింహస్వామి. రెండు ఇండ్లకూ సరిపోయింది.

అహోబిలం అంటే ఒకటే ఊరనుకుంటారు. దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరద స్వామి గుడి. అక్కడికి సుమారు 8 కిలోమీటర్ల మీద, అడవి లోపల ఎగువ అహోబిలం. నవనరసింహుల్లో జ్వాలా నరసింహుడి లాంటి కొన్ని గుడులకైతే కొండల్లో నడిచే పోవాలి. మేము ముహూర్తం పెట్టుకుంది దిగువన. చదునైన నేల, గుడి దగ్గరి దాకా బండి పోతుంది, తల ఎత్తితే ఎదురుగా నల్లమల. కొండ ఎక్కాల్సిన పని లేదు, అయినా కొండ మన పెండ్లిలోనే ఉంటుంది. పెండ్లయినాక ఓపిక ఉన్న వయసువాళ్లు ఎగువకు పోయి దర్శనం చేసుకొని వచ్చినారు. సత్రాలు ఉన్నాయి. ఫోన్లో మాట తీసుకోవద్దు, పోయి గదులు, నీళ్లు, వంటశాల చూసి, తేదీ రాయించుకొని రసీదు తెచ్చుకోండి. స్వాతి నక్షత్రం రోజు, ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాల రోజులు తప్పించండి. అప్పుడు గది దొరకడం కష్టం.

ఇప్పుడు అసలు కష్టం చెప్తా. చోటు కాదు, పేర్లు. 62 మంది అని అనుకోవడం సులువు. రాయడం మొదలుపెడితే నాయన పక్క బంధువులే 200 దాటినారు. నాయన మూడు రాత్రులు నిద్రపోలేదు. ఆయన బాధ ఏమంటే, 30 ఏండ్లుగా ఊర్లో ప్రతి పెండ్లికీ పోయి చదివించి వచ్చినాడు. మన ఇంట్లో పెండ్లి అయ్యేటప్పుడు వాళ్లను పిలవకపోతే, వాళ్ల అన్నం తిని వాళ్లను మరిచిపోయినట్లే కదా అని. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. చిన్న పెండ్లి అంటే ఖర్చు తగ్గుతుందని మనం అనుకుంటాం. ఆయనకు అది మాట పోయే సంగతి.

అప్పుడే ఒకటి జరిగింది. సంక్రాంతి తర్వాత పెండ్లికొడుకు ఊరికి మాటలకు పోయినాం. ఆ రోజు ఊర్లోకి పారువేట పల్లకి వచ్చి ఉంది. తెలియనివాళ్ల కోసం చెప్తా. కనుమ నాటి నుంచి అహోబిలం స్వామి ఉత్సవమూర్తులు పల్లకిలో బయలుదేరి, సుమారు 40 రోజులు చుట్టూ ఉన్న ఊర్లన్నీ తిరుగుతాయి. చెంచులక్ష్మిని చేసుకున్న స్వామి, తన కల్యాణానికి రమ్మని తానే ఊరూరా వచ్చి పిలుస్తాడని నమ్మకం. చెంచులు ఆయన్ను తమ ఇంటి అల్లుడంటారు. నాయన ఆ పల్లకి ముందు చాలాసేపు నిలబడినాడు. తిరిగొచ్చేటప్పుడు, "దేవుడే ఇంటింటికీ తిరుగుతా ఉండాడు. మనం తిరగలేమా?" అన్నాడు.

అట్లా ఒక దారి దొరికింది. పెండ్లికి రమ్మని పిలవలేని ప్రతి ఇంటికీ నాయన, అమ్మ పోయినారు. ఫోన్ కాదు, వాట్సాప్ మెసేజ్ కాదు, మనిషే పోవడం. "బిడ్డ పెండ్లి అహోబిలంలో చేస్తున్నాం, చోటు చిన్నది, అందరినీ తీసుకుపోలేకున్నాం. మీ ఆశీర్వాదం ఈడనే ఇయ్యండి" అని పసుపు కుంకుమ ఇచ్చి వచ్చినారు. పెండ్లయినాక కొత్తజంటతో అవే ఇండ్లకు మళ్లీ పోయి ఓళిగలు ఇచ్చినారు. చదివింపులు ఎవరి దగ్గరా తీసుకోలేదు. ఇద్దరు ముగ్గురు ముఖం మాడ్చుకున్నారు, నిజమే. ఒక పెద్దాయన ఇప్పటికీ సరిగా పలకడు. మిగతావాళ్లు మాత్రం, ఇంటికొచ్చి చెప్పినారు కదా అని మనసులో పెట్టుకోలేదు. ఈ పనికి మాకు 20 రోజులు పట్టింది. చిన్న పెండ్లిలో పెద్ద పని ఇదే, దీనికి రోజులు మిగుల్చుకోండి.

పెండ్లి రోజు సంగతి. ప్రొద్దుటూరు నుంచి ఒక బస్సు, రెండు కార్లు. కుర్చీలు, పందిరి సామాను తెచ్చే బండి మాత్రం నేరుగా ఎగువ అహోబిలానికి పోయింది. మాకు అక్కడ సిగ్నల్ సరిగా అందలేదు, డ్రైవర్‌కు ఫోన్ కలవలేదు. ముహూర్తానికి గంట ముందు దాకా జేజితో సహా అందరూ అరుగు మీదే కూచున్నారు. తప్పు మాదే, మేము కాగితం మీద ఉత్త "అహోబిలం" అని రాసిచ్చినాం. శుభలేఖలో, బండివాళ్ల చీటీలో, వంటవాళ్లకు చెప్పేటప్పుడు, అన్నిచోట్లా "దిగువ అహోబిలం" అని రాయండి.

అన్నాల లెక్క. 62 మంది అనుకున్నాం గానీ మేళం వాళ్లు, వంటవాళ్లు, డ్రైవర్లు, ఫోటో, వీడియో వాళ్లు కలిసి ఇంకో 18 మంది. వీళ్లను చాలామంది లెక్కలో మరిచిపోతారు. మనిషికి 125 గ్రాముల బియ్యం లెక్కన 80 మందికి 10 కిలోలు సరిగ్గా సరిపోయినాయి. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మధ్యాహ్నం పప్పు, గుత్తొంకాయ, పులిహోర, ఓళిగలు, నెయ్యి, పెరుగు. క్షేత్రంలో మాంసం ఉండదు, ఆ సంగతి పెండ్లికొడుకు వైపు వాళ్లకు ముందే చెప్పండి. తక్కువమంది కాబట్టి వడ్డించింది మేమే. మా చిన్నాయన ఒక్కొక్కరి ముందు ఆగి, "ఇంకో ఓళిగ?" అని అడిగి మరీ వేసినాడు. వెయ్యిమంది పెండ్లిలో ఆయన్ను నేనెప్పుడూ అట్లా చూడలేదు, అప్పుడాయన పార్కింగ్ దగ్గరే ఉంటాడు.

చుట్టూ అడవి. పటాకులు వద్దు, పెద్ద సౌండ్ బాక్సులు వద్దు. మాకు ఒక నాదస్వరం, ఒక డోలు చాలినాయి. ప్లాస్టిక్ గ్లాసులు తీసుకుపోలేదు, అరిటాకులు, స్టీలు గ్లాసులు. చీకటి పడ్డాక ఎగువకు పోయే ఆలోచన పెట్టుకోకండి.

కాలం గురించి ఒక్క మాట. మా జిల్లాల్లో వైశాఖం ముహూర్తమంటే ఎండ నిప్పులు చెరుగుతుంది. ఎండాకాలమే తప్పదంటే మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ చూడండి, 1,265 మీటర్ల ఎత్తు, అంత వేడి ఉండదు. కార్తీకంలో అయితే వాగులు, వంకల పక్కన చోటు తీసుకోకండి. 2021 నవంబర్‌లో చెయ్యేరు వరదకు అన్నమయ్య డ్యామ్ కట్ట తెగింది, మనం చూసినాం. మాఘం మాకు బాగా కలిసొచ్చింది. మూఢం ఎప్పుడుందో అయ్యవారిని ముందే అడగండి.

రిజిస్ట్రేషన్ మరిచిపోవద్దు. మన రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం పెండ్లి నమోదు తప్పనిసరి. శుభలేఖ, తాళి కట్టేటప్పటి ఫోటో, వయసు, చిరునామా రుజువులు, సాక్షులు కావాలి. ఊరికి దూరంగా చేసినాం కాబట్టి రసీదులన్నీ ఒక కవర్లో పెట్టి అమ్మకిచ్చినాం. అవసరమైనప్పుడు వెతుక్కోకుండా దొరికినాయి.

మార్కులంటే, ఫోటోలకు గండికోట, కర్నూలు వైపు వాళ్లకు యాగంటి, మాకు దిగువ అహోబిలం. దగ్గరి బంధువులే 150 మంది ఉండి, ఎవరినీ తగ్గించలేమనుకునే ఇంటికి ఈ పద్ధతి వద్దు, ఊర్లోనే చేయండి.

ఈ సంవత్సరం కనుమ తర్వాత పల్లకి చెల్లెలి ఊరికి వచ్చినప్పుడు జేజిని తీసుకొని పోయినాం. చెల్లెలు వాకిట్లో ముగ్గేసి, పల్లకి ఆగగానే కొబ్బరికాయ కొట్టింది. జేజి కుర్చీ వాకిట్లోనే వేసినాం, పల్లకికి నాలుగడుగుల దూరంలో. ఆ వీడియో వచ్చే వారం పెడతా. ఉంటానండి.