గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటరులో ఆట సాఫీగా నడవాలంటే

సభకు నమస్కారం.

అమలాపురం చుట్టుపక్కల కాలేజీల్లో చదివే పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మాస్టారూ, గేమ్ ఆగి ఆగి నడుస్తోంది, గ్రాఫిక్స్ కార్డు కొనాలా?" లాప్‌టాప్‌లో కార్డు మార్చే వీలు దాదాపు ఉండదు కనుక, కొత్త లాప్‌టాప్ కొనాలా అనే ఆ ప్రశ్నకు అర్థం. ధాన్యం అమ్మిన డబ్బుతో నాన్నగారు కొనిపెట్టిన యంత్రాన్ని పక్కన పెట్టే ముందు, అందులో ఇంకా ఎంత సత్తువ ఉందో చూడమని చెప్పడానికే వచ్చాను.

తెర మీద బొమ్మలు గీసే విడి గ్రాఫిక్స్ కార్డుకు సొంత మెమరీ ఉంటుంది. కంప్యూటరుకు మెదడు లాంటి ప్రాసెసరులోనే ఇమిడి ఉండే గ్రాఫిక్స్‌కు ఆ వసతి లేదు. అది ప్రాసెసరుతో కలిసి ఒకే ర్యామ్‌ను, అంటే కంప్యూటరు పని చేసేటప్పుడు వాడే మెమరీని, వాడుకుంటుంది. ధవళేశ్వరం దగ్గర నీరు ఎంత నిండుగా ఉన్నా, కాలువ సన్నదైతే శివారు చేలకు తడి అందదని ఈ సీమలో ఎవరికీ చెప్పనక్కరలేదు. డీడీఆర్4-2400 రకం ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉంటే సెకనుకు గరిష్ఠంగా 19.2 గిగాబైట్ల సమాచారం పారుతుంది. రెండు చానళ్లలో, అంటే ర్యామ్‌కూ ప్రాసెసరుకూ మధ్య ఉండే రెండు దారుల్లో, ఒక్కొక్కటి పెడితే 38.4 గిగాబైట్లు పారుతుంది. ర్యామ్ పెట్టే రెండో స్లాటు ఖాళీగా ఉంటే అదే రకం స్టిక్ మరొకటి వేయించండి. ఇలాంటి యంత్రాలకు అంతకంటే మేలైన ఖర్చు నాకు తెలియదు.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చెబుతాను. ఆటలో రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కి దించితే, ఒక్కో ఫ్రేములో, అంటే తెర మీద మారే ఒక్కో బొమ్మలో, గీయవలసిన చుక్కలు సుమారు 20.7 లక్షల నుంచి 9.2 లక్షలకు తగ్గుతాయి. అప్పుడు సెకనుకు వచ్చే ఫ్రేములు పెరిగితే ఇబ్బంది గ్రాఫిక్స్‌ది. పెరగకపోతే ప్రాసెసరునో, వేడినో అనుమానించాలి. బొమ్మ మసకబారిందనిపిస్తే, ఆటలో ఎఫ్‌ఎస్‌ఆర్ ఉందేమో చూడండి. చిప్‌ల కంపెనీ ఏఎండీ 2021లో తెచ్చిన ఈ పద్ధతి తక్కువ రిజల్యూషన్‌లో గీసిన బొమ్మను పెద్దది చేసి పదును పెడుతుంది; దాని తొలి రూపం ఇతర కంపెనీల గ్రాఫిక్స్ మీద కూడా పనిచేస్తుంది. తరువాత నీడల నాణ్యతను తగ్గించండి.

వేడి సంగతి మన ప్రాంతంలో మరీ ముఖ్యం. పోయిన వేసవిలో రైస్ మిల్లు పక్కింటి కుర్రవాడి లాప్‌టాప్ విప్పితే, ఫ్యాను గాలి బయటకు పోయే రేకుల ముందు దుమ్మూ నుసీ కలిసి దుప్పటి ముక్కలా అతుక్కుని ఉన్నాయి. ఆట మొదట్లో బాగానే నడిచేది, పది నిమిషాలకు చతికిలబడేది. చిప్ మితిమీరి వేడెక్కినప్పుడు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది కనుక ఆ లక్షణం కనిపిస్తే ముందు దుమ్ము దులిపించాలి. పరుపు మీద పెట్టి ఆడడం మానాలి. కరెంటు పోయి బ్యాటరీ మీద నడిచేటప్పుడు కూడా వేగం తగ్గుతుంది, దాన్ని జబ్బుగా భావించవద్దు.

వేగం పెంచుతామని ఊరించే సాఫ్ట్‌వేర్లను నేను నమ్మను. వెనుక నడుస్తున్న ప్రోగ్రాములను మనమే మూసుకోవచ్చు. ఫ్రేములు సెకనుకు 25కీ 50కీ మధ్య ఊగడం కంటే, 30 దగ్గర కట్టివేస్తే కంటికి హాయిగా ఉంటుంది, వేడీ తగ్గుతుంది.

ఇప్పుడు ఈ బల్ల మీదున్న లాప్‌టాప్ వెనుక మూత విప్పుతాను. ర్యామ్ స్లాటు ఎక్కడుంటుందో చూడదలచినవారు దగ్గరకు రండి.