సంతకం పెట్టారు సరే, పేషెంటుని అడిగారా?

అందరికీ నమస్కారం. ఇవాళ వైజాగ్ ఆర్కే బీచ్‌లో కూర్చుని మాట్లాడుతున్నా, నా వెనకాల దూరంగా ఆగి ఉన్న షిప్పులు కనిపిస్తున్నాయి కదా, వాటితో ఈ వీడియోలో పనుంది నాకు.

ముందు అసలు విషయం. ఈ ఊళ్ళోనే 14 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను. ఆపరేషన్‌కి ముందు కన్సెంట్ ఫారం, అంటే ఒప్పుకుంటున్నట్టు కాగితం, పట్టుకెళ్తామా, "ముసలాయనకి ఎందుకు సిస్టర్, ఇలా తెండి నేను పెట్టేస్తా" అని కొడుకో అల్లుడో లాక్కుని, ఒక్క లైను కూడా చదవకుండా, గోడకి ఆనించి గీకేసి ఇచ్చేస్తారు. రేపు ఏదైనా తేడా వస్తే మళ్ళీ అదే మనిషి, "సైన్ పెట్టించేసుకున్నారు కదా, ఇంక మనమేం అడుగుతాం" అంటాడు. ఈ రెండు మాటలూ ఎన్నిసార్లు విన్నానో, విన్న ప్రతిసారీ ఒళ్ళు మండేది.

సంతకం అంటే కన్సెంట్ కాదండీ. పేషెంటుకి అర్థమయ్యే భాషలో చెప్పడం, అతను వినడం, అడగాల్సినవి అడగడం, ఆలోచించుకుని సరే అనడం, అది కన్సెంట్. సంతకం దానికి రసీదు. సరుకు ఇవ్వకుండా రసీదు మీద సంతకం చేయించుకుంటే ఏం లాభం? ఇంకోటి, ఆ రసీదు ఉన్నంత మాత్రాన నిర్లక్ష్యం మాఫీ అయిపోదు. కడుపులో గుడ్డ మర్చిపోయి కుట్టేస్తే ఏ ఫారమూ డాక్టర్ని కాపాడదు.

ఇప్పుడు షిప్పులు. మా నాన్న పోర్టులో టగ్గు మీద, అంటే పెద్ద షిప్పుల్ని లాగే చిన్న బోటు మీద పని చేసేవారు, ఈ కథలన్నీ ఆయన దగ్గర విన్నవే. బయట నుంచి వచ్చిన పెద్ద షిప్పు దానంతట అది హార్బర్‌లోకి రాదు, డాల్ఫిన్స్ నోస్ పక్కన ఆ దారి బాగా ఇరుకు. పోర్టు నుంచి పైలట్ లాంచీలో వెళ్ళి, తాడు నిచ్చెన పట్టుకుని షిప్పు ఎక్కుతాడు. లోతెంత, ఎక్కడ తిప్పాలి, అలల వాటం ఎలా ఉంది, అన్నీ ఆయనకే తెలుసు. ఆయన చెప్పినట్టే నడుపుతారు. కానీ పైలట్ ఎక్కాడు కదా అని కెప్టెన్ పదవి పోదు, షిప్పు బాధ్యత కెప్టెన్‌దే. డాక్టర్ పైలట్, పేషెంటు కెప్టెన్. ఒడ్డున నిలబడి ఫోన్లో అరిచేవాళ్ళు చుట్టాలు. ప్రేమ కొద్దీ అరుస్తారు, నేను కాదనను, కానీ వాళ్ళు కెప్టెన్లు కాదు.

ఇది నా సొంత కవిత్వం అనుకుంటారేమో, 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. 44 ఏళ్ళ పెళ్ళికాని ఆవిడ, లోపల ఏముందో చూడ్డానికి లాప్రోస్కోపీకి, అంటే చిన్న గాటు పెట్టి కెమెరాతో చూసే పరీక్షకి ఒప్పుకుంది. మత్తులో ఉండగా బయట వాళ్ళమ్మతో సంతకం పెట్టించుకుని గర్భసంచీ, అండాశయాలు తీసేశారు. లేచేసరికి జరిగిపోయింది. డాక్టర్ చెడ్డ ఉద్దేశంతో చేయలేదు, మంచిదనే చేశారు. అయినా కోర్టు ఒప్పుకోలేదు. చూడ్డానికి ఇచ్చిన అనుమతి తీసేయడానికి ఇచ్చినట్టు కాదు, ప్రాణం మీదకి వచ్చిన పరిస్థితి కాదు, ఆవిడ లేచేదాకా ఆగొచ్చు, మేజర్ అయిన మనిషి తరఫున తల్లి సంతకం చెల్లదు అంది. డాక్టర్ ఫీజు వదులుకోవాలి, పైన 25,000 నష్టపరిహారం కట్టాలి అంది. డబ్బు చిన్నదే, కానీ ఆ తీర్పు చిన్నది కాదు. కెప్టెన్ నిద్రలో ఉంటే ఒడ్డున ఉన్నవాళ్ళని అడిగి షిప్పు అమ్మేస్తామా?

నర్సింగ్‌లో మాకు నాలుగు సూత్రాలు బట్టీ పట్టిస్తారు. నిర్ణయం పేషెంటుదే, మేలు చెయ్యాలి, హాని చెయ్యకూడదు, అందరికీ న్యాయంగా చూడాలి. బోషాంప్, చిల్డ్రెస్ అని ఇద్దరు అమెరికన్లు 1979లో వీటిని ఇలా నాలుగుగా కూర్చారు. పరీక్షలో రాయడం సులువు, వార్డులో అవి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, అదే అసలు బాధ.

ఒక తాత గురించి చెప్తా. జాలరి, సొంత బోటు ఉంది. కడుపులో క్యాన్సర్. కొడుకులిద్దరూ నన్ను మెట్ల దగ్గర ఆపి, "సిస్టర్, నాన్నకి సెప్పకండి, గుండాగిపోద్ది" అని చేతులు పట్టుకున్నారు. డాక్టరు కూడా అప్పటికి సరే అన్నారు. రెండో రోజు రాత్రి క్యాన్యులా, అదే సెలైన్ కోసం నరంలో పెట్టే గొట్టం, మారుస్తున్నా, ఉప్పునీళ్ళకి గట్టిపడిపోయిన చెయ్యి, నరం దొరకట్లేదు, టేపు చింపుతుంటే అడిగాడు, "అమ్మా, నిజం సెప్పు, నాకేటొచ్చింది?" నేను "అల్సర్ తాతా" అన్నా. ఆయన నా మొహంలోకి చూడలేదు, చెయ్యి వంకే చూస్తూ, "అల్సరైతే మావోళ్ళు బయటికెళ్ళి ఏడవరు కదమ్మా. నాకెన్నాళ్ళుందో తెలిస్తే బోటు ఎవుడికియ్యాలో సూసుకుంతాను" అన్నాడు.

అంటే ఆయనకి తెలుసు. ఆయన గుండె ఆగలేదు. ఆయన భయమల్లా తాను పోయాక బోటు కోసం కొడుకులు కొట్టుకుంటారని. మనం అబద్ధం చెప్పి ఆయన్ని కాపాడలేదు, ఆయన చెయ్యాల్సిన పని చెయ్యనివ్వలేదు, అంతే. ఆ "అల్సర్ తాతా" అన్నందుకు ఇప్పటికీ బాధపడతాను.

పొద్దున్నే డాక్టరుగారికి చెప్పేశా. ఆయన కొడుకుల్ని కూర్చోబెట్టి మాట్లాడి, తర్వాత తాత మంచం మీద కూర్చుని, "మీ జబ్బు గురించి ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది, అన్నీ మీకే చెప్పనా, అబ్బాయిలకి చెప్పమంటారా?" అని అడిగారు. చూడండి, ఇది ముఖ్యం. నిజం మొహాన కొట్టడం కాదు. కొంతమంది "నాకొద్దు బాబూ, మావాడికి చెప్పు" అంటారు, అదీ కెప్టెన్ ఆర్డరే. తాత మాత్రం అన్నీ నాకే చెప్పమన్నాడు. ఆ వారంలోనే ఊరి పెద్దల్ని వార్డుకి పిలిపించుకుని బోటు సంగతి తేల్చేశాడు.

ఆడవాళ్ళ విషయంలో అయితే ఇంకా అన్యాయం. అబార్షన్‌కి "మీ ఆయన్ని తీసుకురా, సంతకం కావాలి" అని తిప్పి పంపేస్తారు. చట్టంలో అలా లేదు. 18 దాటిన ఆడమనిషి అయితే ఆమె ఒప్పుకుంటే చాలు, మొగుడి సంతకం అక్కర్లేదు. 1971 చట్టం అది, ఇన్నేళ్ళయినా ఇంకా అడుగుతూనే ఉన్నారు.

మరి కెప్టెన్ ఏమంటే అది చెయ్యాలా? కాదు. కెప్టెన్ "నేరుగా రాళ్ళ మీదకి పోనీ" అంటే పైలట్ పోనివ్వడు. జలుబుకి యాంటీబయాటిక్ రాయమని, నీరసంగా ఉంది సెలైన్ ఎక్కించమని పట్టుబడతారు చూడండి, వద్దనే హక్కు పేషెంటుకి ఉంది, కానీ పనికిరాని మందు ఇమ్మని పట్టుబట్టే హక్కు లేదు. అలా వద్దన్న డాక్టర్ని "హస్తవాసి లేదు" అని వదిలేసి ఇంకో క్లినిక్‌కి పోతాం. అది మానుకోవాలి మనం.

టైమ్ అయిపోతోంది, మా తమ్ముడు బ్యాటరీ చూపిస్తున్నాడు, గబగబా మూడు విషయాలు. ఒకటి, ఎమర్జెన్సీ. కెప్టెన్ స్పృహ తప్పి షిప్పు కొండ వైపు పోతుంటే ఎవరి సంతకం కోసమూ ఆగక్కర్లేదు, కాపాడాలి. యాక్సిడెంట్ కేసు అయినా పోలీసుల కాగితాల కోసం ఆపకుండా వైద్యం మొదలుపెట్టాలని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది, గవర్నమెంటు డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా. రెండు, న్యాయం. హార్బర్‌లో షిప్పు ఆగే చోటు, బెర్త్, ఒక్కటే ఖాళీ, బయట ఇన్ని షిప్పులు. ఐసీయూ బెడ్డూ అంతే, ఎవరికి అవసరం ఎక్కువ, ఎవరికి దానివల్ల ఉపయోగం అని చూడాలి తప్ప ఎవరి తరఫున ఎమ్మెల్యే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిందని కాదు. ఆ ఫోన్లు నేనే ఎత్తాను, అవతల ఎదురుచూసేవాళ్ళ మొహాలు కూడా నేనే చూశాను.

మూడోది లివింగ్ విల్. నయం కాని స్థితి వస్తే వెంటిలేటర్ మీద ఉంచాలా వద్దా అని స్పృహలో ఉండగానే రాసి పెట్టుకోవచ్చు. 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది, అప్పుడు మేజిస్ట్రేట్ దాకా వెళ్ళాల్సి వచ్చేది, 2023లో సులువు చేశారు, ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసర్ గానీ ఉంటే చాలు. మా అమ్మకి చెప్తే మొదట తిట్టింది, అపశకునం మాటలేంటే అని. నాలుగు రోజులాగి తనే పిలిచి, "గొట్టాలు పెట్టి పడుకోబెట్టకండి, ఇంటికి తెచ్చేయండి, కిటికీ పక్కన వెయ్యండి" అని నోట్‌బుక్కులో రాసిచ్చింది. సోమవారం నోటరీ దగ్గరికి తీసుకెళ్తున్నా.