సూపర్ నింటెండో ఆర్పీజీలు: ఆట మనకు చెప్పని లెక్కలు

మౌనిక: అందరికీ నమస్తే. ఇవాళ సూపర్ నింటెండో అనే పాత గేమ్ కన్సోల్ కాలం ఆర్పీజీల గురించి, అంటే పాత్రలను పెంచుకుంటూ కథలో సాగే రోల్ ప్లేయింగ్ ఆటల గురించి మాట్లాడుకుందాం. ఆ కన్సోల్ మీద మంచివి బోలెడు ఉన్నాయి కానీ మేం మూడే తీసుకున్నాం: క్రోనో ట్రిగర్, ఫైనల్ ఫాంటసీ 6, ఎర్త్‌బౌండ్. కథలోని కొన్ని మలుపులు బయటపడతాయి, ముందే చెప్తున్నాం. అన్నా, ఈ మూడే ఎందుకు?

శ్రీధర్: కథ తెలిసిపోయినా వీటిలో ఆడటానికి ఇంకా చాలా మిగిలి ఉంటుంది మౌనికా. లోపల లెక్క ఎలా నడుస్తుందో ఒకసారి అర్థమైతే మళ్లీ మొదటినుంచి ఆడాలనిపిస్తుంది. ఆ లెక్కలేమో ఆటలో ఎక్కడా చెప్పరు. స్క్రీన్ మీద ఒక నంబర్ కనిపిస్తుంది, అది అసలు పనిచేస్తోందో లేదో మనమే కనిపెట్టుకోవాలి.

మౌనిక: కొత్తవాళ్లు దేనితో మొదలుపెట్టాలి?

శ్రీధర్: క్రోనో ట్రిగర్, ఇంకో ఆలోచనే అక్కర్లేదు. 1995లో వచ్చింది. ఫైనల్ ఫాంటసీ సృష్టికర్త హిరోనోబు సకగుచి, డ్రాగన్ క్వెస్ట్ సృష్టికర్త యూజీ హోరీ, బొమ్మలు గీసిన అకిరా తొరియామా ముగ్గురూ కలిసి చేసిన ఆట. మొదలుపెట్టగానే సెట్టింగ్స్‌లో బ్యాటిల్ మోడ్ 'వెయిట్'లో పెట్టుకోండి. మనం టెక్ (ప్రత్యేక దెబ్బలు), ఐటమ్ (వస్తువులు) మెనూల్లో ఉన్నంతసేపూ టైమ్ ఆగుతుంది. 'యాక్టివ్'లో పెడితే మెనూ వెతుక్కునే లోపే శత్రువు రెండు దెబ్బలు వేసేస్తాడు.

మౌనిక: ఇందులో శత్రువులు ఒక్కచోట నిలబడరు కదా, స్క్రీన్ మీద అటూ ఇటూ తిరుగుతుంటారు. చాలామంది దాన్ని అలంకారం అనుకుని వదిలేస్తారు.

శ్రీధర్: అసలు ఆటంతా అక్కడే ఉంది! హీరో క్రోనో టెక్ 'సైక్లోన్' గుండ్రంగా తగులుతుంది, ఎంచుకున్న శత్రువు చుట్టుపక్కల ఉన్నవాళ్లకు కూడా. జట్టులోని లుక్కా టెక్ 'ఫ్లేమ్ టాస్' గీత గీసినట్టు వరసలో ఉన్నవాళ్లకు తగులుతుంది. మన వంతు వచ్చిందని చూపే గేజ్ నిండగానే కొట్టేయకుండా రెండు క్షణాలు ఆగితే ముగ్గురు ఒక వరసలోకి వస్తారు. అప్పుడు వేస్తే అదే ఎంపీతో (మంత్రశక్తితో) మూడింతల పని. ఆ ఆగడం అలవాటైతే సగం ఆట చేతికొచ్చినట్టే.

మౌనిక: ఇద్దరు కలిసి వేసే డబుల్ టెక్‌ల సంగతి?

శ్రీధర్: ఇద్దరికీ వాళ్ల వాళ్ల టెక్ వచ్చి ఉండాలి, ఇద్దరి గేజ్ నిండి ఉండాలి. క్రోనో సైక్లోన్, కప్ప వీరుడు ఫ్రాగ్ 'స్లర్ప్ కట్' కలిస్తే 'ఎక్స్-స్ట్రైక్'. ఒక్క శత్రువు మీద ఆ దశలో దాన్ని మించింది లేదు. ఇంకో సంగతి, ఆదిమ కాలానికి వెళ్లినప్పుడు డైనోసార్లను ముందు మెరుపుతో కొట్టాలి. మెరుపు తగిలాక వాటి డిఫెన్స్ పడిపోతుంది. తెలియనివాళ్లు కత్తితో గంట కొడతారు, అంకెలు మాత్రం చిన్నచిన్నవే పడతాయి.

మౌనిక: మేగస్ అనే మాంత్రికుడితో బాస్ ఫైట్ దగ్గర కూడా చాలామంది ఇరుక్కుంటారు.

శ్రీధర్: మేగస్ తన కవచం మారుస్తుంటాడు. ఆ మార్పుతో పాటే ఒక మంత్రం వేస్తాడు, అది నిప్పా, నీరా, మెరుపా, చీకటా చూడండి. మళ్లీ మార్చేదాకా ఆ మూలకంతో కొడితేనే పని జరుగుతుంది. ఫ్రాగ్ మాత్రం మసమునే కత్తితో కొడుతూనే ఉండాలి, ఆ దెబ్బకు మేగస్ మ్యాజిక్ డిఫెన్స్ తగ్గుతుంది. లెవెల్స్ పెంచుకుని రావడం కంటే ఈ రెండూ తెలిసి రావడం మేలు.

మౌనిక: నాకు బాగా నచ్చేది ఆ నల్ల పెట్టెల పని. జట్టులోని మార్ల్ అనే అమ్మాయి లాకెట్‌కి శక్తి వచ్చాక క్రీ.శ. 600లో ఒక పెట్టె దగ్గరికి వెళ్తాం, లాకెట్ స్పందిస్తుంది, లోపలున్నది తీసుకుంటావా అని అడుగుతుంది...

శ్రీధర్: 'వద్దు' అనాలి! తర్వాత 1000కి వచ్చి అదే పెట్టె తెరిస్తే నాలుగు వందల ఏళ్లలో బలపడిన వస్తువు దొరుకుతుంది. అది తీసుకుని 600కి వెనక్కి వెళ్తే అసలుది కూడా ఇంకా అక్కడే ఉంటుంది. గార్డియా కోట పెట్టెలో అలాగే రెడ్ మెయిల్, రెడ్ వెస్ట్ అనే కవచాలు రెండూ వస్తాయి. ముందే 600లో తీసేస్తే రెండోది పోయినట్టే, అదొక్కటే గుర్తుంచుకోవాలి. కాలప్రయాణాన్ని కథలో చెప్పిన ఆటలు చాలా ఉన్నాయి, దాన్ని ఇలా చేతికిచ్చి వాడుకోమన్నవి తక్కువ.

మౌనిక: జాతర సంగతి కూడా చెప్పేస్తాను. ఆట మొదట్లో జాతరలో మనం చేసినవన్నీ తర్వాత కోర్టులో సాక్ష్యాలవుతాయి. మార్ల్‌ని ఢీకొట్టాక ముందు ఆమెతో మాట్లాడాలి, ఆ తర్వాతే కింద పడిన లాకెట్ తీసుకోవాలి. ముసలాయన భోజనం తినకూడదు. పాప పిల్లిని తెచ్చివ్వాలి. మార్ల్ మిఠాయి కొనేటప్పుడు కదలకూడదు. కత్తులమ్మే మెల్కియోర్‌కి లాకెట్ అమ్ముతాననకూడదు.

శ్రీధర్: ఏడుగురు జ్యూరీ సభ్యులూ నిర్దోషి అన్నా జైలు తప్పదు, కథ అలాగే నడవాలి. కాకపోతే లోపల ఎంపీ నింపే ఈథర్లు అందుతాయి.

మౌనిక: సరే, ఫైనల్ ఫాంటసీ 6. జపాన్‌లో 1994 ఏప్రిల్, అమెరికాలో అదే ఏడాది అక్టోబర్. అక్కడ పెట్టె మీద 3 అని ఉంటుంది, ఎందుకంటే మధ్యలో వచ్చిన కొన్ని భాగాలు అమెరికాకి వెళ్లనే లేదు.

శ్రీధర్: నా ఓటు దీనికే. అయితే ఇది ఆడేవాళ్లు మొట్టమొదట తెలుసుకోవాల్సింది ఒకటుంది. పాత కార్ట్రిడ్జ్‌లో, దెబ్బ తప్పించుకునే అవకాశం చూపే 'ఎవేడ్' అనే అంకె అసలు పనే చెయ్యదు.

మౌనిక: అసలంటే అసలు?

శ్రీధర్: అసలు. ప్రోగ్రామ్‌లో తప్పుంది. కత్తి దెబ్బ తప్పించుకోవాలన్నా, మంత్రం తప్పించుకోవాలన్నా రెండింటికీ అది మంత్రాల కోసం పెట్టిన 'ఎంబ్లాక్' అంకెనే చూస్తుంది. అంచేత డాలు కొనేటప్పుడు ఎవేడ్ ఎంతుందో పట్టించుకోకండి, ఎంబ్లాక్ ఎక్కువున్నది తీసుకోండి. అదే తప్పు వల్ల కళ్లు కనపడని స్థితి కూడా ఏమీ చెయ్యదు. దానికోసం గాగుల్స్ పెట్టుకుంటే ఒక రెలిక్ (ప్రత్యేక నగ) చోటు దండగ. గేమ్‌బాయ్ అడ్వాన్స్ వెర్షన్‌లో దీన్ని సరిచేశారు.

మౌనిక: లెవెల్ పెరిగితే బలం పెరుగుతుందనుకోవడం ఇంకో అపోహ.

శ్రీధర్: లెవెల్ పెరిగితే హెచ్‌పీ (ప్రాణం), ఎంపీ పెరుగుతాయి. దెబ్బ లెక్కలో లెవెల్ కూడా ఉంటుంది కాబట్టి దెబ్బ కూడా పెరుగుతుంది. బలం, వేగం, మ్యాజిక్ పవర్ అనే అంకెలు మాత్రం వాటంతటవి కదలవు. లెవెల్ పెరిగే క్షణంలో ఏ ఎస్పర్ (మంత్రాలు నేర్పే మాయాజీవి) తగిలించి ఉందో దాని బోనస్సే వస్తుంది. జోజో ఊళ్లో రామూ అనే పాత్ర ఎస్పర్లు ఇచ్చేదాకా ఆ అవకాశమే లేదు. అందుకే అంతకుముందు గంటలకొద్దీ గ్రైండింగ్ (లెవెల్ కోసం అవే ఫైట్లు మళ్లీ మళ్లీ) చెయ్యొద్దు, ఆ లెవెల్స్ బోనస్ లేకుండా పోతాయి. మ్యాజిక్ కావాలంటే జోన్‌సీక్ అనే ఎస్పర్, ఒక్కో లెవెల్‌కి రెండు పాయింట్లు. జిడూర్ ఊరి వేలంలో 10,000 జీపీకి (ఆట డబ్బు) వస్తుంది.

మౌనిక: అంటే మామూలుగా మంత్రాలు నేర్చుకునే ఎస్పర్ పెట్టుకుని, లెవెల్ పెరగబోతుంటే బోనస్ ఎస్పర్‌కి మారాలి.

శ్రీధర్: అంతే. ఎక్స్‌పీరియన్స్ ఎంత కావాలో స్టేటస్ తెరలో చూసుకుని ఒక ఫైట్ ముందు మార్చడమే. అందరికీ చెయ్యక్కర్లేదు, మంత్రాలు వేసే టెర్రాకి, సెలెస్‌కి చేస్తే చాలు.

మౌనిక: సేబిన్ అనే పాత్ర 'బ్లిట్జ్' దెబ్బ రావట్లేదని చాలామంది అడుగుతారు.

శ్రీధర్: బ్లిట్జ్ ఎంచుకుని ముందు 'ఏ' (A) అనే బటన్ నొక్కాలి. ఆ తర్వాత ఎడమ, కుడి, ఎడమ. చివర్లో మళ్లీ 'ఏ'. ఆ చివరి 'ఏ' మర్చిపోతారు. వార్గస్ అనే బాస్ ఫైట్‌లో ఈ 'పమ్మెల్' పడితేనే ముగుస్తుంది. 'సూప్లెక్స్'కి ఎక్స్, వై, కింద, పైన, ఏ. దెయ్యాల రైలును ఎత్తి కుదేసేది దీంతోనే! తొందరగా అవ్వాలంటే అదే రైలు మీద ఒక్క ఫీనిక్స్ డౌన్ వాడండి. అది చచ్చినవాళ్ల జాతి కాబట్టి బతికించే మందు దాన్ని చంపుతుంది.

మౌనిక: తేలే ఖండం దగ్గర మన జట్టులోని షాడో...

శ్రీధర్: ఇది తప్పిపోతే చాలా బాధ. ఖండం కూలిపోతుంటే 6 నిమిషాల టైమర్ నడుస్తుంది. అంచుకు రాగానే దూకాలా, ఆగాలా అని అడుగుతుంది. 'ఆగు' అనండి. టైమర్ 5 సెకన్లకు వచ్చాక షాడో పరిగెత్తుకొస్తాడు, అప్పుడు దూకాలి. ముందే దూకితే అతను ఇక తిరిగి రాడు. టైమ్ అయిపోతుందన్న భయంతో దూకేస్తాం, ఆట మన భయాన్నే పరీక్షిస్తుంది.

మౌనిక: శాపం ఉన్న డాలు?

శ్రీధర్: అది పెట్టుకుని 256 ఫైట్లు చెయ్యాలి. ఒక బైట్‌లో లెక్కపెడుతున్నారు, బైట్‌లో 256 విలువలే పడతాయి, అందుకే ఆ అంకె. రిబ్బన్ కూడా పెడితే శాపం తెచ్చే రోగాల్లో చాలావరకు ఆగుతాయి. చివరికి పాలడిన్ షీల్డ్ అవుతుంది, అది అల్టిమా నేర్పుతుంది. ఇంకో జాగ్రత్త, మొదటి అమెరికన్ కార్ట్రిడ్జ్‌లో రెల్మ్ అనే పాత్ర వాడే 'స్కెచ్' గురి తప్పితే ఆట పాడవ్వచ్చు, సేవ్‌లు కూడా పోవచ్చు. 1.1 వెర్షన్‌లో బాగు చేశారు. మీ దగ్గర ఏది ఉందో తెలియకపోతే స్కెచ్ జోలికే పోవద్దు.

మౌనిక: మాయం చేసే వానిష్ మంత్రం వేసి చావు మంత్రం డూమ్ వేస్తే దాదాపు ఏ బాస్ అయినా చస్తుంది కదా, అది?

శ్రీధర్: నిజమే. మాయమైనవాడికి మంత్రం తప్పక తగులుతుంది, చావు మంత్రాన్ని ఆపే రక్షణను కూడా ఆ లెక్క దాటేస్తుంది. నేనైతే మొదటిసారి ఆడేవాళ్లకు వద్దంటాను. అంత కష్టపడి కట్టిన బాస్ ఫైట్లు చూడకుండానే పోతాయి.

మౌనిక: ఇక ఎర్త్‌బౌండ్, కాస్త త్వరగా. అమెరికాలో 1995. కత్తులూ కోటలూ లేవు, బేస్‌బాల్ బ్యాట్ పట్టుకున్న పిల్లాడి ఆట.

శ్రీధర్: ఇందులో హెచ్‌పీ ఒక్కసారిగా తగ్గదు, మీటర్‌లా తిరుగుతూ తగ్గుతుంది. చావు దెబ్బ తగిలినా మీటర్ సున్నాకి చేరేలోపు ఫైట్ ముగిస్తే బతికిపోతాం, లేదా ప్రాణం నింపే 'లైఫప్' వేస్తే మీటర్ ఆగి పైకి తిరుగుతుంది. కాబట్టి దెబ్బ తగిలిన వెంటనే టెక్స్ట్ చదువుతూ కూర్చోకుండా బటన్ కొడుతూ ముందుకెళ్లండి. శత్రువుల వెనకనుంచి వెళ్లి తగిలితే మొదటి వంతు మనదే. ఒక్కొక్కరికి 14 వస్తువులే పడతాయి, అక్కర్లేనివి ఎస్కార్గో ఎక్స్‌ప్రెస్ అనే డెలివరీ సర్వీస్‌కి ఫోన్ చేసి దాచుకోవాలి.

మౌనిక: జట్టులోని పూ అనే పాత్ర కత్తి సంగతి?

శ్రీధర్: సోర్డ్ ఆఫ్ కింగ్స్. పూకి సరిపడే ఆయుధం అదొక్కటే. స్టోన్‌హెంజ్ స్థావరంలో స్టార్‌మ్యాన్ సూపర్ అనే శత్రువును కొడితే అది దొరకడానికి 128లో ఒక వంతు అవకాశం. స్థావరం బాస్‌ను కొట్టేశాక ఆ స్టార్‌మ్యాన్‌లు ఉండరు, ముందే తెచ్చుకోవాలి. ఓపిక లేకపోతే వదిలేయండి, ఆ కత్తి లేకుండా కూడా హాయిగా పూర్తవుతుంది.

మౌనిక: మన దగ్గర ఇప్పుడు ఆడాలంటే ఫోన్‌లోనో, స్టీమ్‌లోనో క్రోనో ట్రిగర్, ఫైనల్ ఫాంటసీ 6 పిక్సెల్ రీమాస్టర్ ఉన్నాయి. ఎర్త్‌బౌండ్ 2022 నుంచి స్విచ్ ఆన్‌లైన్‌లో ఉంది. మరి విదేశాల్లో ఉన్నవాళ్లు పాత కార్ట్రిడ్జ్‌లు కొంటుంటారు, వాళ్లకేం చెప్తావు?

శ్రీధర్: లోపలి బ్యాటరీ చూసుకోండి. సేవ్‌లు ఉండేది చిన్న ఎస్‌ర్యామ్ చిప్‌లో, దానికి ప్రాణం 3 వోల్టుల సీఆర్2032. ముప్పై ఏళ్లు దాటాయి కాబట్టి ఎప్పుడైనా పోవచ్చు. విప్పడానికి 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ కావాలి, మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు. పాత బ్యాటరీ తీస్తే సేవ్‌లు చెరిగిపోతాయి, కావాలనుకుంటే ముందే కార్ట్రిడ్జ్ రీడర్‌తో కంప్యూటర్‌లోకి తీసుకోండి. కొత్తది ట్యాబులు ఉన్నదే కొనండి. ఉత్త బ్యాటరీ మీద నేరుగా సోల్డర్ చేస్తే వేడికి పాడవుతుంది, పగిలే ప్రమాదం కూడా ఉంది. బోర్డు మీద ప్లస్ గుర్తు ఎటుందో చూసి పెట్టండి.

మౌనిక: జపాన్ కార్ట్రిడ్జ్ అమెరికన్ కన్సోల్‌లో పట్టదు కదా?

శ్రీధర్: స్లాట్ లోపల రెండు ప్లాస్టిక్ కొక్కేలు అడ్డం, అంతే. అవి తీసేస్తే పట్టి నడుస్తుంది. యూరప్ కన్సోల్ అయితే అలా కుదరదు, వేరే ప్రాంతం కార్ట్రిడ్జ్‌లను ఆపే లాకౌట్ చిప్ వేరు. అసలు క్రోనో ట్రిగర్ గానీ ఫైనల్ ఫాంటసీ 6 గానీ ఆ రోజుల్లో యూరప్‌లో అమ్మనే లేదు. అందుకని యూరప్ పెట్టెలో వీటి సూపర్ నింటెండో కార్ట్రిడ్జ్ ఎవరైనా చూపిస్తే డబ్బులివ్వకండి.

మౌనిక: వచ్చే ఎపిసోడ్‌లో దానికి సరిగ్గా తిరగేసిన కేసు, యూరప్‌లో వచ్చి అమెరికాకి రాని టెర్రానిగ్మా. ఉంటాం మరి.